గిత్తకు రెండో మూపురం

మా సారు ఆ కటకాన్ని మొదటిసారి బల్ల మీద పెట్టినప్పుడు ల్యాబ్ అటెండరు దాని చుట్టూ ఓసారి తిరిగి, "గుడ్లేయి సార్?" అని అడిగాడు.

ఆయన తప్పేమీ లేదు. అది అచ్చం కోడిగుడ్ల పెట్టెలో గుడ్డుకూ గుడ్డుకూ మధ్య అడ్డంగా, నిలువుగా దూర్చే అట్టల్లా ఉంది. గాజు లేదు. గుండ్రంగా లేదు. అందులోంచి చూస్తే గళ్ళకు అవతల సారు చొక్కా గుండీలు తప్ప మరేమీ కనపడలేదు. అట్టలకు బదులు రేడియోల్లో ఉండే సర్క్యూట్ బోర్డు ముక్కలు వాడారు. వాటి మీద రాగితో చేసిన బుల్లి రింగులు, ప్రతి రింగుకూ ఒకచోట చిన్న ఎడం, బోర్డు వెనక సన్నటి రాగి గీత. అంతే.

"ఇది లెన్సు. మామూలు లెన్సుకు అందనివి దీనికి అందుతాయి" అన్నారు సారు. అటెండరు ఏ వైపు నుంచి వంగి చూడాలో తెలియక, మర్యాదకు రెండు వైపులా వంగి చూశాడు. ఆయన్ని మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్ళం. ఆ ల్యాబులో వస్తువులన్నిటికన్నా ముందు నుంచీ ఉన్నవాడు ఆయనే. తనకు అర్థం కాని దేన్నయినా గౌరవించడం ఆయన పద్ధతి. ఆ లెక్కన ఆ కటకానికి ఆయన దగ్గర దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. నేను గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్సు ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఎవరికీ అర్థం కాని విషయం మీద ప్రాజెక్టు తీసుకుంటే ఎవరూ ప్రశ్నలు అడగరని సీనియర్లు చెబితే నమ్మి సారు దగ్గర చేరాను. మొదటి వారంలోనే సారే ప్రశ్నలు అడిగారు.

విషయం ఇదీ. ఏ కటకానికైనా ఒక హద్దుంది. వెలుగు అల పొడవులో సుమారు సగం కన్నా దగ్గరగా రెండు చుక్కలుంటే ఎంత గొప్ప గాజు తెచ్చినా, ఎంత నున్నగా అరగదీసినా అవి రెండుగా కనపడవు. కలిసిపోయి ఒకటే మచ్చ అవుతాయి. ఇంతవరకూ నాకు బాగానే ఎక్కింది, ఎందుకంటే మాది వినుకొండ పక్క పల్లె. కాయల కాలంలో కొండెక్కి కిందికి చూస్తే మా కల్లంలో ఆరబోసిన మిరపకాయలూ పక్కవాళ్ళ కల్లంలోవీ కలిసి ఒకే ఎర్ర దుప్పటిలా కనిపిస్తాయి. మధ్యనున్న గట్టు కనపడదు. ఆ గట్టు ఎవరిదన్న దాని మీద మా నాన్న, పక్కాయన నేను పుట్టకముందు నుంచీ కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. కొండ మీద నుంచి చూస్తే అసలు తగాదాయే లేదు. దిగి వస్తే ఉంది.

ఎక్కనిది ఆ తరవాతి సంగతి. ఈ కొత్త కటకం ఆ హద్దును దాటుతుందట. దాన్ని మెటామెటీరియల్ అన్నారు. ప్రకృతిలో దొరకని గుణాన్ని మనమే రాగి రింగులతో కట్టుకోవడమన్నమాట. దాంట్లోకి పోయిన అల, మిగతా అన్ని పదార్థాల్లో వంగే వైపుకు కాక, దానికి ఎదురు వైపుకు వంగుతుంది. మా పెదనాన్న కూడా అంతే, కుడికి పొమ్మంటే ఎడమకు పోతాడు, అందుకని ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు. కానీ దానివల్ల ఎక్కువ కనపడటమేమిటి? పెదనాన్నకు ఏనాడూ ఎక్కువ కనపడలేదు.

సారు ఓపికగా చెప్పారు. ప్రతి వస్తువు నుంచీ రెండు రకాల కబుర్లు బయలుదేరతాయట. మోటు కబుర్లు ఎంత దూరమైనా పోతాయి. నాజూకు కబుర్లు గడప దాటకముందే చచ్చిపోతాయి. రెండు చుక్కలా ఒకటా అన్న సంగతి ఆ చచ్చిపోయే కబుర్లలోనే ఉంటుంది. ఈ కటకం అవి చచ్చేలోపే పట్టుకుని, బలం పోసి, అవతలి వైపు అప్పజెబుతుంది. అప్పుడు మటుకు నాకు కొంచెం వెలిగింది. మా ఇంట్లో గొడవైతే రోడ్డు మీద పోయేవాడికి గొడవని మాత్రమే తెలుస్తుంది. ఎవరు ఎవర్ని ఏమన్నారో గోడకు ఆనుకుని నిలబడ్డ పక్కింటి పిన్నికి తెలుస్తుంది, ఆవిడ ద్వారా వీధి మొత్తానికీ మాట పొల్లు పోకుండా తెలుస్తుంది. ఈ పోలిక చెబితే సారు కాసేపు ఆలోచించి, "సెమినార్లో మాత్రం చెప్పకు" అన్నారు. తప్పని మాత్రం అనలేదు.

నాకిది మార్కుల సంగతి. సారుకు అంతకన్నా పెద్దది. ఆయన వేరే ఊరి యూనివర్సిటీలో పీహెచ్‌డీకి నమోదై ఎన్నో ఏళ్ళయింది. మొదట తీసుకున్న విషయం మధ్యలో వేరేవాళ్ళెవరో పూర్తి చేసేశారు. రెండోది ఎవరూ పూర్తి చెయ్యలేదు, ఈయన కూడా. ఇది మూడోది. ఆ విద్యా సంవత్సరంతో గడువు ఆఖరు. గైడుగా ఉన్న పెద్దాయన ఒకటే మాట చెప్పారట. లెక్కలు చూశాను, చాలు. ఒకటిగా కనపడాల్సింది నీ కటకంలో రెండుగా కనపడుతుంటే నా కళ్ళతో చూస్తాను, చూస్తే సంతకం పెడతాను, లేకపోతే నమోదు రద్దవుతుంది.

స్టాఫ్ రూములో ఆయన్ని "డాక్టరు గారూ" అని పిలిచేవాళ్ళు. అది వెటకారమని ఆయనకూ తెలుసు. అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరో ఇంటికి ఫోన్ చేసి డాక్టరు గారున్నారా అని అడగడంతో, అది పక్కవాళ్ళు వినడంతో, వాళ్ళ వీధి నిజంగానే నమ్మింది. ఎదురింటావిడ జ్వరంతో ఉన్న మనవణ్ణి ఎత్తుకొచ్చి నాలుక చూడమందట. సారు చూశారట. చూడకపోతే బాగోదని. ఇది ఆయనే మాకు చెప్పారు, నవ్వుతూ చెప్పబోయి మధ్యలో నవ్వడం మానేశారు.

ప్రాజెక్టులో నాతోపాటు ఇంకొకమ్మాయి ఉండేది. తాడేపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న పాస్టరు. ఆ అమ్మాయి చేతిపని చూస్తే ఎవరికైనా తమ చేతుల్ని జేబుల్లో దాచుకోవాలనిపిస్తుంది. రాగి బోర్డు మీద రింగుల బొమ్మ అచ్చు వేసి, మిగతా రాగిని మందు నీళ్ళలో కరిగించాలి. ఆమె చేసిన రింగులు గాజుల్లా వచ్చేవి. నావి జిలేబీల్లా వచ్చేవి. సారు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, నన్ను సూది దగ్గరికి మార్చారు. మీటరు సూది ఎంత చూపిస్తుందో చదవడం నా పని. దాంట్లో చేతికి పని లేదు, నోటికి ఉంది.

వెలుగు అల మరీ సన్నం. దానికి సరిపడా రింగులు చెక్కే తాహతు మా ల్యాబుకు లేదు. సూత్రం ఏ అలకైనా ఒకటే గనక, మూడు సెంటీమీటర్ల మైక్రోవేవ్ అలతో చేద్దామన్నారు సారు. వాటిని పుట్టించే క్లిస్ట్రాన్ అనే గొట్టం మా దగ్గరుంది. వెలగదు, వేడెక్కుతుంది. కటకానికి ఇవతల చిటికెన వేలి మందం ఎడంలో రెండు తీగ ముక్కలు పెట్టి వాటికి అలలు అందించాలి. అవతల మరో తీగ ముక్కను స్కేలు వెంబడి మెల్లగా జరుపుతూ సూది ఎంత లేస్తుందో నేను చదవాలి, ఆ అమ్మాయి గ్రాఫు గీయాలి. కటకం పనిచేస్తే గ్రాఫులో రెండు మూపురాలు రావాలి. పనిచేయకపోతే ఒకటి.

ఒకటే వచ్చేది. ఎన్నిసార్లు చేసినా మెడ దగ్గర బలంగా లేచి వెనక్కి వాలిపోయే ఒంగోలు గిత్త మూపురం. బోర్డుల మధ్య ఎడం మార్చినా గిత్తే. తీగలు మార్చినా గిత్తే. క్లిస్ట్రాన్ మరను తిప్పి అలను పైకీ కిందికీ జరిపినా, అది జరిగే కొద్దిపాటి మేరలో ఎక్కడా గిత్త చలించలేదు. వాటిని పశువుల ప్రదర్శనకు పంపితే బహుమతైనా వస్తుందని నేనన్నాను. ఆ అమ్మాయి గ్రాఫు మీద నుంచి తల ఎత్తకుండా, "నువ్వు సూది చదువు" అంది.

దసరా సెలవుల ముందు ల్యాబులో ఆయుధ పూజ చేశారు. మాకది మామూలే. వర్కుషాపులో లేతు మిషనుకు, షెడ్డులో బస్సుకు, ల్యాబులో మీటర్లకు పసుపు రాసి కుంకుమ పెడతారు, కొబ్బరికాయ కొడతారు, ఆ రోజు ఎవరూ పని చెయ్యరు. పని చెయ్యకపోవడం మిగతా రోజుల్లోనూ జరిగేది గానీ ఆ రోజు భక్తితో జరిగేది. బాబాయి ఇంటి నుంచి గిన్నెడు పసుపు తడిపి తెచ్చాడు. వోల్టుమీటరుకు బొట్టు, ఆసిల్లోస్కోపుకు బొట్టు, పనిచెయ్యని ఆసిల్లోస్కోపుకు కూడా బొట్టు. కటకం దగ్గరికి వచ్చేసరికి సారు ప్రాణమంతా అందులో ఉందని ఆయనకు తెలుసు. గడపకు పూసినట్టు వేళ్ళతో నిండా పూశాడు. నేను పక్కనే కొబ్బరి ముక్క నములుతూ చూశాను. సారు చూశారు. ఇద్దరం ఫిజిక్సు చదువుకున్నవాళ్ళం. ఎవరికీ ఏమీ అనిపించలేదు. పసుపు మా కంటికి ఓ వస్తువు కాదు, పండగ.

సెలవులు అయ్యాక మొదటి రోజు, ఎవరికీ పెద్ద ఆశ లేకుండా, క్లిస్ట్రాన్ వేడెక్కించి కొలతలు మొదలుపెట్టాం. నేను చదువుతున్నాను. సూది లేచింది. తరవాత దిగింది. ఇంకా జరిపాను. మళ్ళీ లేచింది. మీటరు పాడైందనుకుని వేలితో తట్టాను. వెనక్కి జరిపాను. దిగింది, లేచింది. ఆ అమ్మాయి నేను చెప్పిన అంకెలు గ్రాఫులో పెట్టి, పెన్సిలు కింద పెట్టి, నా వైపు తిరిగి, "సరిగ్గా చదివావా?" అంది. నేను జీవితంలో సరిగ్గా చదివింది అదొక్కటే.

సారు గ్రాఫు తీసుకుని పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. అలాంటి సందర్భాల్లో మనిషి కళ్ళు చెమ్మగిల్లాలి. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. ఆయన ఒక పక్కకు ఒరిగి, బల్ల పట్టుకుని నిలదొక్కుకునేసరికి ఆ క్షణం కాస్తా దాటిపోయింది. "ఇంకోసారి చెయ్యండి" అన్నారు. చేశాం. రెండు మూపురాలు. కటకం తీసేసి చేశాం, గిత్త. పెట్టి చేశాం, రెండు. అంతవరకూ రానిది ఇప్పుడెందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు. రానప్పుడు ఎందుకు రాలేదని రోజూ అడిగేవాళ్ళం. వచ్చాక అడగడం మర్యాద కాదనిపించింది.

సారు గైడు గారికి ఫోన్ చేశారు. ఆయన వచ్చే శనివారం వస్తానన్నారు.

గైడు గారికి శుభ్రత పట్టింపు అని సారు ముందే చెప్పడంతో శుక్రవారమంతా ల్యాబు కడిగాం. నేను నేల, ఆ అమ్మాయి పరికరాలు. సీసాడు స్పిరిటు, దూది పెట్టుకుని బోర్డు బోర్డునూ విడదీసి తుడిచి, మళ్ళీ దూర్చి, రాగి రింగులు తళతళలాడేలా పెట్టింది. కటకం కొత్త పెళ్ళికూతురిలా ఉందని సారు మురిసిపోయారు.

శనివారం పొద్దున పెద్దాయన వచ్చారు. తెల్ల చొక్కా, చేతిసంచి, ఎక్కువ మాట్లాడని మనిషి. సారు స్విచ్చి వేశారు. నేను చదివాను, ఆ అమ్మాయి గీసింది.

ఒంగోలు గిత్త.

మళ్ళీ చేశాం. ఇంకా బలిసిన గిత్త. సారు మరలు తిప్పారు, తీగలు సర్దారు, నన్ను పక్కకు జరిపి తానే సూది చదివారు. సూదికి మనుషుల్లో తేడా తెలియలేదు. పెద్దాయన వాచీ చూసుకుని, ఇంతదూరం వచ్చాను గనక మంగళగిరి వెళ్ళి స్వామికి పానకం పోయించుకుని సాయంత్రానికి తిరిగి వస్తానన్నారు. గుమ్మం దగ్గర ఆగి, "ఏమయ్యా, అప్పటికి నీ రెండోది వస్తే చూస్తాను. రాకపోతే రైలెక్కుతాను. ఇంకోసారి మాత్రం రాలేను" అన్నారు. మాటలో కోపం లేదు. అదే ఇబ్బంది.

ఆ మధ్యాహ్నం మా ముగ్గురి బుర్రలూ పనిచెయ్యలేదు. ఏం మారింది? కరెంటు అదే. తీగలు అవే. బోర్డులు అవే, ఇంకా శుభ్రంగా ఉన్నాయి కూడా. సారు కాగితం మీద తప్పు ఎక్కడ ఉండొచ్చో రాసుకుంటూ, రాసింది కొట్టేసుకుంటూ కూర్చున్నారు. ఇంతకుముందు వచ్చిందే తప్పేమో, సూది పాడై అలా చూపించిందేమో, నేను అంకెలు తప్పు చెప్పానేమో అన్న అనుమానం గదిలో తిరగడం మొదలైంది. నా మీద నాకే అనుమానం వచ్చింది. సూదిని సరిగ్గా చదివానని ప్రమాణం చేయగలనా? నేను దేన్నీ సరిగ్గా చదివే రకం కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

భోజనాలప్పుడు బాబాయి వచ్చాడు. కటకం చూశాడు. ముఖం మారింది.

"దీని బొట్టు ఎవరు తుడిచేశారు?"

ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో గదిలో అందరికీ తెలిసింది. చర్చి వాళ్ళమ్మాయి, పసుపు తుడిచేసింది.

"నేనే బాబాయ్" అంది ఆ అమ్మాయి. "పెద్దాయన వస్తున్నారని అన్నీ తుడిచాను. మీటర్లూ తుడిచాను. మా నాన్న కళ్ళజోడు కూడా ఈ స్పిరిటుతోనే తుడుస్తాను. కావాలని చెయ్యలేదు."

"కావాలని చేశావని నేనన్నానా?"

"అనలేదు. చూశారు."

సారు తల పట్టుకున్నారు. పీహెచ్‌డీ పోతుంటే మధ్యలో ఇదొకటి. నేను చల్లబరుద్దామని, అమ్మవారికి కోపమొచ్చి గిత్తను పంపించిందని, మళ్ళీ పూసేస్తే పోతుందని అన్నాను. నేను నవ్వులాటకు అన్నమాట అందరూ నిజంగా తీసుకోవడం నాకు కొత్తేం కాదు. బాబాయి వెంటనే పూజ అలమర తెరిచి, పసుపు తడిపి, కటకం ముందుకొచ్చి పూయడం మొదలుపెట్టాడు. క్లిస్ట్రాన్ ఆపడం మర్చిపోయాం. అవతల నేను సూది ముందు కూర్చుని ఉన్నాను.

ఆయన వేలు తగిలినప్పుడల్లా సూది కదిలింది.

మొదట నా కళ్ళనే అనుమానించాను. తడి పసుపు పడగానే సూది అడుగుకు పడిపోయింది, చచ్చిందనుకున్నాను. ఫ్యాను కింద పసుపు ఆరుతున్నకొద్దీ మెల్లగా లేవసాగింది. "సార్, ఇటు రండి" అన్నాను. నా గొంతులో నవ్వు లేకపోవడం విని సారు కంగారుపడి వచ్చారు. తీగను జరుపుతూ చదివాను. లేచింది, దిగింది, లేచింది.

సారు చాలాసేపు ఆ పసుపు వైపు చూశారు. దసరా నుంచీ కళ్ళెదుట ఉన్నదాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. తరవాత, ఎవరితోనూ కాకుండా, మృదంగానికి ఎడమ వైపు రవ్వ ముద్ద పెడితే శ్రుతి దిగుతుంది కదా అన్నారు. మా రింగులు అనుకున్నదానికన్నా కాస్త పై శ్రుతిలో మోగుతున్నాయి, మా క్లిస్ట్రాన్ అంత పైకి పాడలేదు. పసుపు పూత రింగుల ఎడంలో కూర్చుని వాటి శ్రుతిని కిందికి దించింది. రెండూ కలిశాయి. తడిగా ఉంటే గొంతు పూడుకుపోతుంది, ఆరితే పలుకుతుంది. ఆయన చెబుతుంటే సరిగ్గానే ఉందనిపించింది. చెప్పడం ఆపగానే మళ్ళీ అయోమయంగా అనిపించింది. బాబాయికి మాత్రం అయోమయం లేదు. బొట్టు పెడితే పనిచేసింది, తీస్తే మానేసింది, దీనికి మృదంగం ఎందుకని ఆయన ముఖంలో ఉంది.

"పెద్దాయనకు చెబుతారా సార్?" అడిగింది ఆ అమ్మాయి.

అదే అసలు ప్రశ్న. చెప్పకుండా చూపిస్తే సాయంత్రానికి సంతకం. చెబితే, పసుపు రాసి పీహెచ్‌డీ తెచ్చుకున్నాడని యూనివర్సిటీ అంతా చెప్పుకుంటారు, ఆ సంతకమూ అనుమానమే. సారు చేతులు కడుక్కొచ్చారు, పసుపు ఆయన ముట్టుకోనేలేదు.

సాయంత్రం పెద్దాయన పానకం సీసాతో తిరిగొచ్చారు. మంగళగిరి స్వామి పోసిన పానకంలో సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడు. ఆ సగం మాకు గ్లాసుల్లో పోసి, బల్ల వైపు చూశారు. రెండు మూపురాల గ్రాఫు అక్కడ సిద్ధంగా ఉంది. సారు దాన్ని చేతికిచ్చి, ఆయన చూడటం పూర్తికాకముందే, "ఇది పసుపు వల్ల వచ్చిందండి" అని మొత్తం చెప్పేశారు. ఆయుధ పూజ, స్పిరిటు, దూది, అన్నీ. మొహమాటపడుతూ, వరస తప్పుతూ చెప్పారు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. "పసుపు విద్యుత్ గుణమెంత?"

"తెలియదండి."

"కొట్టు పసుపా? కొట్టువాళ్ళు పిండి కలుపుతారు."

దీనికి బాబాయి నొచ్చుకున్నాడు. "కొట్టుదేంటండీ. మా అత్తగారిది దుగ్గిరాల. కొమ్ములు ఉడకబెట్టి ఆరబెట్టి ఇంట్లో దంచింది. కల్తీ మా ఇంటా వంటా లేదు."

పెద్దాయన ఆయనకు తల ఊపి, సారు వైపు తిరిగారు. "తుడిచి చూపించు. పూసి చూపించు. మళ్ళీ తుడిచి చూపించు. ఒకటి, రెండు, ఒకటి రావాలి. అప్పుడు నమ్ముతాను."

తుడిచాం. గిత్త వచ్చింది. ఇక పూయాలి. బాబాయి చేతి పూత ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉందని, సమంగా పూయగలిగే చెయ్యి ఈ గదిలో ఒక్కటే ఉందని సారు అన్నారు. అందరం ఆ అమ్మాయి వైపు చూశాం. బాబాయి గిన్నె పట్టుకుని కాసేపు నిలబడ్డాడు, తరవాత ఆమె ముందుకు జరిపాడు.

"చెయ్యి కడుక్కున్నావా అమ్మా?"

"స్పిరిటుతో కడుక్కున్నాను బాబాయ్. నాకిది పూత మాత్రమే, పూజ కాదు."

"నీకెట్టా కావాలంటే అట్టా అనుకో. సమంగా రాయి."

రాగి రింగులు చేసినంత నేర్పుగా పూసింది. ఆరాక చదివాను. రెండు. పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చుని తానే ఇంకోసారి చదివారు. రెండు.

మళ్ళీ తుడిచాం. అక్కడ చెడింది. రెండోసారి తుడిచేసరికి స్పిరిటు సీసా అడుగంటింది, దూదికి పసుపు పట్టింది, రింగుల సందుల్లో ఎక్కడో కొంత ఉండిపోయింది. పసుపు అంటుకుంటే అంత తేలిగ్గా పోతుందా? నేను చదివాను. సూది లేచింది, అక్కడే తచ్చాడింది, కాస్త దిగినట్టనిపించింది, దిగలేదేమో, మళ్ళీ లేచినట్టనిపించింది, లేవలేదేమో. గ్రాఫులో ఒక బల్లపరుపు గుట్ట వచ్చింది. పైన సన్నటి నొక్కు లాంటిది ఉందా, పెన్సిలు అదిరిందా, నేను చెప్పలేను. ఈ రోజుకీ చెప్పలేను. ఆ కాగితాన్ని నేను దగ్గరగా చూస్తే రెండు, దూరంగా చూస్తే ఒకటి.

పెద్దాయన దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు. సారుకు ఇచ్చారు.

"ఒకటా, రెండా? నువ్వేమంటే అది రాస్తాను."

సారు ఒకటి అన్నారంటే, పెద్దాయన అడిగిన ఒకటి, రెండు, ఒకటి పరీక్ష పూర్తయినట్టే. ఒక్క మాట చాలు. సారు కాగితం దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు. "ఒకటి అనాలనే ఉందండి. కనపడటంలేదు" అన్నారు.

"నాకూ కనపడటంలేదు" అన్నారు పెద్దాయన. కాసేపు పానకం తాగారు. "ఎందుకు రాలేదో తెలియనివాడికి ఆర్నెల్లు చాలు. ఎందుకు వచ్చిందో తెలియనివాడికి ఏడాది కావాలి." సంచిలోంచి కాగితం తీసి, గడువు ఏడాది పొడిగించమని సిఫారసు రాసి సంతకం పెట్టారు. సారు అడిగింది థీసిస్ మీద సంతకం, దొరికింది గడువు మీద సంతకం. స్వామి సగం తీసుకుని సగం ఇచ్చాడని నేననబోయాను. ఆ అమ్మాయి నా కాలు తొక్కింది.

మా పరీక్షలు అయిపోయి మేం వెళ్ళిపోయాం. ఆ ఏడాదంతా సారు పసుపును రకరకాల మందాల్లో పూసి, కొలిచి, చివరికి రింగుల్ని కాస్త పెద్దవిగా చేయించి పసుపు లేకుండానే రెండు మూపురాలు రప్పించారట. అలా రప్పించినా పసుపు అధ్యాయాన్ని మాత్రం తీసెయ్యలేదు. మౌఖిక పరీక్షకు నన్నూ రమ్మంటే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. థీసిస్‌లో అంతటా పసుపుకు లాటిన్ పేరే రాశారు, కర్కుమా లోంగా అని. ఉత్తరాది నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ అధ్యాయం దగ్గర ఆగి, చాలా ఆసక్తికరమైన పదార్థమని మెచ్చుకుని, ఇది విదేశాల నుంచి తెప్పించారా అని అడిగాడు.

సారు ముఖంలో ఏ మార్పూ లేదు. "లేదండి. దుగ్గిరాలలో దొరుకుతుంది" అన్నారు.

డిగ్రీ వచ్చింది. స్టాఫ్ రూములో డాక్టరు గారూ అని పిలవడం మానేశారట, నిజమయ్యాక సరదా పోయింది. వాళ్ళ వీధి మాత్రం ఇంకా పిలుస్తూనే ఉంది. మొన్న ఫోన్ చేస్తే ఎదురింటావిడ మళ్ళీ ఇంకో మనవణ్ణి తెచ్చిందని చెప్పారు.

"ఏం చేశారు సార్?"

"నాలుక చూశాను" అన్నారు. "ఇప్పుడు చూడను అంటే ఎట్టా?"